ఆ రోజు నేను పెట్టిన శ్రుతి

ఎనిమిదేళ్ళ నుంచి ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. పెద్దదేమీ కాదు. మూడే మాటలు. చేతులు కడుక్కునే నల్లా దగ్గర నిలబడి ఒక మనిషి నన్ను అడిగింది, నేను చెప్పాను. అర నిమిషం కూడా పట్టలేదు. ఆ తర్వాత భయం లేకుండా కీబోర్డు ముందు కూర్చున్న రోజు నాకు ఒక్కటి కూడా గుర్తు లేదు.

మీరెవరో నాకు తెలియదు. అదే మంచిది. తెలిసినవాళ్ళకు చెప్పే ధైర్యం ఉంటే ఇన్నాళ్ళు ఎందుకు ఆగుతాను? నా పేరు అడగకండి. వరంగల్‌లో ఒక ఆర్కెస్ట్రాలో కీబోర్డు వాయిస్తాను. ఇరవై అయిదేళ్ళు దాటింది. పెళ్ళిళ్ళు, ఎంగేజ్‌మెంట్లు, గణపతి మండపాలు, బతుకమ్మ ప్రోగ్రాములు, సమ్మక్క జాతర ముందు స్టూడియోలో నాలుగు రోజుల పని, ఆదివారాలు ఇంట్లో పిల్లలకు క్లాసులు. ఇందులో ఏ ఒక్కటీ కడుపు నింపదు. అన్నీ కలిస్తే ఎట్లాగో ఇల్లు గడుస్తుంది. అందుకే ఏ ఒక్కటి పోయినా నాకు వణుకు.

మొన్న మా ఫీల్డువాళ్ళంతా కలిసి నాకు శాలువా కప్పారు. యాంకరింగ్ చేసే కుర్రాడు మైకు నా ముందు పెట్టి, "ఇన్నేండ్లు ఫీల్డుల ఎట్ల నిలబడ్డరన్నా, మాకు జర చెప్పుండ్రి" అని అడిగాడు. "సాధన" అన్నాను. చప్పట్లు కొట్టారు. నాకంటే ఎక్కువ సాధన చేసినవాళ్ళు ఎందరో నాకంటే ముందే ఈ పని మానేసి ఇంటికి పోయారు. నేనెట్లా నిలబడ్డానో నాకు తెలుసు. నేను నిలబడటానికి ఇంకొకరు కూలబడాల్సి వచ్చింది. ఆ మాట శాలువా కప్పుకుని ఎవరు చెబుతారు?

ముందు నా చెవుల సంగతి చెప్పాలి. అది చెప్పకపోతే మిగతాది అర్థం కాదు.

ఏళ్ళకేళ్ళు సౌండ్ బాక్సుల పక్కన కూర్చున్నాను. పెళ్ళి బరాత్ బండ్ల మీద, నా తలకంటే పెద్ద స్పీకర్లకు వీపు ఆనించి వాయించాను. చిన్నప్పుడు అదే గొప్ప అనిపించేది. తొమ్మిదేళ్ళ కింద ఎడమ చెవిలో కీచురాయి కూత మొదలైంది. రెండు రోజుల్లో పోతుందనుకున్నాను. పోలేదు. హనుమకొండలో ఒక దవాఖానకు ఎవరికీ చెప్పకుండా వెళ్ళాను. మూసిన గదిలో కూర్చోబెట్టి, చెవులకు ఏదో తగిలించి, సౌండు వినిపించినప్పుడల్లా బటన్ నొక్కమన్నారు. వినిపించనప్పుడు కూడా అందాజగా నొక్కాను. దవాఖానలో కూడా మోసం చేయబోయానంటే నా భయం ఎంతటిదో చూడండి. డాక్టర్ నవ్వలేదు. పోయింది రాదని, ఉన్నదాన్ని కాపాడుకోమని, మిషన్ పెట్టుకోమని చెప్పాడు. ఇంటికొచ్చి చెవిలో గుబిలి ఉందట, తీశారు అని నా భార్యతో చెప్పాను. ఆమె ఇప్పటికీ, "నీతోని మాట్లాడుడు చెవిటోని ముంగట శంఖమూదినట్లే" అని ఆట పట్టిస్తుంది. నేనూ నవ్వుతాను. అది పరాచికం కాదని ఆమెకు తెలియదు.

వంటాయన నాలుక చచ్చిపోయిందని తెలిస్తే ఎవరైనా పెళ్ళికి పిలుస్తారా? నాదీ అంతే. అందుకని దాచాను. దాచి, చెవులతో చేసే పని కళ్ళతో చేయడం నేర్చుకున్నాను. ప్యాడ్స్ వాయించే అతని మణికట్టు చూసి తాళం పట్టుకునేవాణ్ణి. పాడేవాళ్ళ పెదవులు చూసి పల్లవి ఎక్కడిదాకా వచ్చిందో తెలుసుకునేవాణ్ణి. శ్రుతి విషయం మాత్రం అంకె చూసుకునేవాణ్ణి.

ఆ అంకె ఏమిటో చెప్తాను. కీబోర్డుకు ఒక బటన్ ఉంటుంది. ఎవరి గొంతు ఎంత ఎత్తుకు పోతుందో దాన్ని బట్టి ఒక అంకె పెడతాం. నా వేళ్ళు అవే మెట్ల మీద ఆడతాయి, సౌండు మాత్రం ఆ అంకె ప్రకారం పైకో కిందికో జరుగుతుంది. పాడే మనిషి మారగానే అంకె మార్చాలి. చెవి బాగున్నవాడు మరిచిపోయినా ప్రమాదం లేదు, మొదటి స్వరం మోగగానే నాలుక కరుచుకుని సరి చేసుకుంటాడు. నాకు ఆ స్వరం నిక్కంగా తెలియడం మానేసింది. రెండు చెవుల్లో ఒకే స్వరం రెండు రకాలుగా పలికేది. దేన్ని నమ్మాలి?

అప్పటికే ఒకసారి తప్పు చేశాను. ఒక రిసెప్షన్‌లో పల్లవి సగం అయ్యాక శ్రుతి మార్చాల్సి వచ్చింది. జనం నవ్వారు. ఆర్కెస్ట్రా నడిపే పెద్దాయన మంచివాడే, కాని మొహమాటం లేనివాడు. "ఇంకోసారి ఇట్లయితే కొత్త పిలగాణ్ణి తెచ్చుకుంట, తర్వాత నన్ననద్దు" అన్నాడు. అన్నాడంటే చేస్తాడు.

ఇప్పుడు ఆమె గురించి. అసలు పేరు రాయను. స్వరూప అందాం. పుట్టిల్లు రఘునాథపల్లి దగ్గర. వాళ్ళమ్మ వెంట నాట్లకు పోయి, పొలంలో వంగి పాడుతూ పాట నేర్చుకున్న మనిషి. వరంగల్ కాశిబుగ్గలో ఇచ్చారు. భర్త బట్టల దుకాణంలో పనిచేస్తాడు. అత్తకు ఈ స్టేజీ పాటలు ఇష్టం లేకపోయినా, కోడలి పాట వినడం ఇష్టం, అందుకని గొణుగుతూనే పంపేది. నేను ఇంతమందికి వాయించాను, స్వరూప వంటి గొంతు మళ్ళీ రాలేదు. పై స్థాయికి పోయేటప్పుడు కూడా మొహంలో ఒక్క నరం కదిలేది కాదు. నన్ను "అన్నా" అనేది. రాఖీ కూడా కట్టింది. ఇది రాయకుండా దాటేద్దామనుకున్నాను. రాయాల్సిందే.

బిడ్డ పుట్టి అయిదో నెల నడుస్తుండగా ఆమె మళ్ళీ పాటకు వచ్చింది. ఆ ఏడు జాతర పాటలు చేసే ఒక స్టూడియో ఆయన కొత్త ఆడగొంతు కోసం వెతుకుతున్నాడు. సమ్మక్క సారలమ్మ మీద పాట అంటే మామూలు సంగతి కాదు. బాగా కుదిరితే జాతర అయిపోయేదాకా ప్రతి బస్సులో, ప్రతి ఆటోలో అదే. ఆ గొంతుకు రెండేళ్ళు పని ఉంటుంది. హనుమకొండలో ఒక వ్యాపారుల ఇంటి ఎంగేజ్‌మెంట్‌కు ఆయన భోజనానికి వస్తున్నాడని, అక్కడే స్వరూప పాట వింటాడని పెద్దాయన మాట తీసుకున్నాడు. మధ్యాహ్నం ప్రోగ్రాము. ఆమె బిడ్డను తల్లికి అప్పగించి, ఆకుపచ్చ చీర కట్టుకుని పొద్దున్నే వచ్చి ఒక మూల కూర్చుంది. అన్నం తినలేదు. తింటే పాట బరువవుతుందట.

స్టూడియో ఆయన చెప్పిన టైం కంటే ముందే వచ్చాడు. మా మగగాయకుడి పాట అప్పుడే అయిపోయింది. పెద్దాయన నా వైపు చెయ్యి ఊపి, ఆమె పాట వెంటనే మొదలుపెట్టమన్నాడు. నేను మొదలుపెట్టాను. అంకె మార్చలేదు. మరిచిపోయాను, అంతే. ఇందులో పగ లేదు, అసూయ లేదు. మొదటి తప్పు వట్టి మరపు. దానికి నేను క్షమాపణ కూడా అడగను. అడగాల్సింది తర్వాతి దానికి.

పాటకు ముందు వచ్చే బిట్టు వాయిస్తుండగా స్వరూప నా వైపు తిరిగి చూసింది. కనుబొమలు పైకెత్తింది. మొదలుపెట్టనా అని అడుగుతోందనుకుని తల ఊపాను. ఆమె అడిగింది అది కాదని ఇప్పుడు తెలుసు. ఇదేనా శ్రుతి అని అడిగింది. అన్న తల ఊపాడు కదా, మరి సరిగ్గానే ఉంటుంది. ఆమె పాడింది.

పల్లవి ఎట్లాగో గట్టెక్కింది. ఆమె మెడలో నరాలు లేవడం చూశాను. ఎన్నడూ చూడనిది. అప్పుడు కిందికి చూశాను. మగగొంతు అంకె అట్లాగే ఉంది. ఆడగొంతు అదే అంకెను పై స్థాయిలో అందుకోవాలి, అంటే ఆమెకు పెట్టాల్సినదాని కంటే నాలుగు మెట్లు పైన.

ఇక్కడ ఆగుతాను. ఇక్కడే కదా అంతా ఉంది.

పల్లవికీ చరణానికీ మధ్య నాకు సమయం ఉంది. బిట్టు ఒక్క క్షణం ఆపి బటన్ నొక్కితే శ్రుతి దిగేది. అందరికీ తెలిసేది. నవ్వేవాళ్ళు. పెద్దాయన నన్ను తీసేసేవాడు. అంతే కదా? నా వేలు బటన్ మీదే ఉంది. నొక్కలేదు. ఆ కొద్దిసేపట్లో నేను ఏం ఆలోచించానో ఎన్నిసార్లు నన్ను నేను అడిగానో. ఆలోచించాను అనడం కూడా గొప్పే. భయపడ్డాను. నన్ను తీసేస్తే ఎందుకు తీసేశాడని పది మంది అడుగుతారు, చెవి సంగతి బయట పడుతుంది, ఇంకెవరూ పిలవరు, ఈ పని తప్ప నాకు ఇంకో పని రాదు. ఇదంతా ఒక్కసారిగా వచ్చి నా వేలిని పట్టుకుంది. ఏమో, ఆమె లాక్కొస్తుందేమో, అంత మంచి గొంతు కదా, అని కూడా అనుకున్నాను. నా తప్పును ఆమె గొంతు మీద పెట్టి, మోయమన్నాను.

చరణంలో పై స్వరం దగ్గర ఆమె గొంతు చిరిగింది. అది నాకు కూడా వినిపించింది. చెవిటివాడికి కూడా వినిపించేటంతగా. ఆపి, దగ్గి, మళ్ళీ అందుకుంది, మళ్ళీ చిరిగింది. ముందు వరుసలో ఆడవాళ్ళు ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. స్టూడియో ఆయన పాట అయిపోకముందే లేచి భోజనాల వైపు పోయాడు.

పెద్దాయన నా దగ్గరికి వచ్చి ఏమైందని అడిగాడు. నేను నోరు తెరిచేలోపే ఆయనే, "బాలింత గొంతు, ఇంక కుదరలేదేమో" అన్నాడు. అవునన్నాను. ఆడలేక మద్దెల ఓడు అంటారు. మా దగ్గర మద్దెలే ఓడు, నింద ఆడినామె మీద వేశాం.

అప్పుడైనా స్వరూపకు ఒక్కదానికి చెప్పి ఉండొచ్చు. ఆమె నల్లా దగ్గర మొహం కడుక్కుంటోంది. నన్ను చూసి కొంగుతో తుడుచుకుంది.

"అన్నా, శ్రుతి నాదే పెట్టినవా?"

"నీదే పెట్టిన చెల్లె."

"మరి ఎందుకట్లయింది? పైకి పోతనే లేదు. ఎన్నడిట్ల కాలే."

"బిడ్డ పుట్టింది కదా. జర టైం పడ్తది. ఫికర్ చెయ్యకు."

"అంటే నా గొంతే పోయిందా అన్నా?"

దీనికి నేను జవాబు చెప్పలేదు. ఆమె తలాడించింది, ఏదో లెక్క తేలినట్టు. చెప్పకపోవడమే జవాబని అర్థం చేసుకుంది. నా చెవి మీద ఆమెకు అంత నమ్మకం.

ఆ తర్వాత ఆమె శొంఠి, మిరియాలు, తేనె, ఎవరేం చెబితే అది చేసిందని విన్నాను. తెల్లవారే లేచి సాధన చేసేదట. కాని ఒకసారి తన గొంతు పోయిందని నమ్మిన మనిషికి పై స్వరం దగ్గరికి రాగానే ఒళ్ళు బిగుసుకుంటుంది. నిజంగానే గొంతు రావడం మానేసింది. ఆరు నెలలకు స్టేజీ ఎక్కనంది. అత్త ఇక చాలు అంది. ఇప్పుడు ఒక స్కూల్లో ఆయాగా పనిచేస్తోంది. ఆ జాతర పాట ఇంకొకామె పాడింది. మంచి పేరొచ్చింది. ఆ పాటను స్టేజీల మీద నేను ఎన్నిసార్లు వాయించానో చెప్పలేను. వాయించే ముందు అంకె మూడుసార్లు చూసుకుంటాను.

నా భయం గురించి చెప్పకపోతే నేను మంచివాణ్ణని పొరబడతారు. ఇన్నేళ్ళూ నన్ను తిన్నది పశ్చాత్తాపం కంటే ఎక్కువగా భయం. ఆ ఎంగేజ్‌మెంట్‌కు వీడియో తీశారు. ఆ వీడియో ఎవరింట్లోనో ఉంది. చెవి ఉన్నవాడు ఎవడైనా దాన్ని విని, పక్కన హార్మోనియం పెట్టుకుంటే చాలు, పాట నాలుగు మెట్లు పైన ఉందని తేలిపోతుంది. ఈ ఊహతో ఎన్నిసార్లు అన్నం సహించలేదో. ఒకరోజు మా ఢోలక్ అతను ఫోన్ పట్టుకుని పరుగున వచ్చి, ఆ పెళ్ళివాళ్ళు పాత వీడియో స్టేటస్‌లో పెట్టారని నా మొహం ముందు పెట్టాడు. ఆకుపచ్చ చీర కనిపించింది. అతను చూపించాలనుకున్నది తనకు అప్పుడు ఎంత జుట్టు ఉండేదో. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు నేను అడక్కుండానే, ఆ రోజు సౌండు సరిగా లేదని ఏదో అన్నాను. అతను వినలేదు.

ఇదంతా ఇట్లాగే సాగిపోయేదేమో. రెండు నెలల కింద ఒక ఆదివారం పొద్దున స్వరూప మా ఇంటికి వచ్చింది. వెంట ఎనిమిదేళ్ళ బిడ్డ. ఆ రోజు తల్లికి అప్పగించి వచ్చిన బిడ్డే. నా భార్య ఛాయ్ ఇచ్చింది. స్వరూప గ్లాసు పక్కన పెట్టేసి సూటిగా విషయానికి వచ్చింది.

"పిల్ల ఒకటే పాడుతాంది అన్నా. గొంతు ఉన్నదా లేదా నువ్వే చెప్పు. లేదంటే ఇప్పుడే మాన్పిస్త. నా లెక్క ఆశ వెట్టుకోవద్దు."

పిల్ల నిలబడి పాడింది. నేను కుడి చెవి అటు తిప్పాను. కింది స్వరాలు అందాయి. పిల్ల పైకి పోయేకొద్దీ కీచురాయి కూత తప్ప ఏమీ లేదు. చిన్న నోరు తెరుచుకోవడం, మూసుకోవడం కనిపిస్తోంది. మెడ వైపు చూశాను. నరాలు లేవలేదు. అది మంచి గుర్తే. కాని శ్రుతిలో ఉందా? ఎట్లా చెప్పను? స్వరూప పిల్లను చూడటం లేదు. నా మొహాన్నే చూస్తోంది.

"మంచిగున్నది" అన్నాను.

ఆమె ఏడ్చింది. నువ్వు చెప్పావంటే ఇక ఖాయం అంది. నా గొంతు పోయినప్పుడు కూడా నువ్వు మొహమాటపడి బాగుందని అనలేదు కదా అన్నా, అందుకే నీ దగ్గరికే తెచ్చాను అంది. నేను కిటికీ వైపు తిరిగాను. ఆ రోజు నల్లా దగ్గర ఆమెతో తెలిసి అబద్ధం చెప్పాను. ఈసారి చెప్పింది అబద్ధమో నిజమో నాకే తెలియదు.

తల్లి వెంట పిల్ల ప్రతి ఆదివారం క్లాసుకు వస్తోంది. వచ్చే నెల స్కూల్లో పాడాలట. కీబోర్డు నేనే వాయించాలని తల్లీ బిడ్డా ఇద్దరూ పట్టుబట్టారు. పిల్లకు శ్రుతి పెట్టేది నేనే. పిల్ల కూడా పాడేముందు నా వైపు తిరిగి కనుబొమలు ఎత్తుతుంది. ఎవరు నేర్పారో తెలియదు.

ఎన్ని ఆదివారాల నుంచో చెప్పాలనే కూర్చుంటున్నాను. పెదవుల దాకా వస్తుంది. అది వినగానే ఆమె మొహం ఎట్లా మారుతుందో అనుకోగానే, పిల్లల ఎదుట వద్దు, ఇంట్లో భార్య ఉంది, వచ్చే వారం చూద్దాం, అని ఏదో ఒకటి దొరుకుతుంది. సాకులకు కరువా? ఆమె తిడితే ఓర్చుకోగలను. "అప్పుడే చెప్తే ఏమయ్యేదన్నా" అని మెల్లగా అడుగుతుంది. ఆమె స్వభావం నాకు తెలుసు. దానికి నా దగ్గర ఏం ఉంది? ఎనిమిదేళ్ళు తిరిగి ఇవ్వగలనా? క్షమించమని అడగడం కూడా ఆమె మీద ఇంకో బరువు పెట్టడమే అనిపిస్తుంది. అడగను.

అందుకే ఇది రాశాను. ఆమె పేరు మార్చాను. మిగతా ఏదీ మార్చలేదు. ఊరు, పేట, ఆకుపచ్చ చీర, నల్లా, అన్నీ ఉన్నవి ఉన్నట్టే. ఇది పంపుతున్న పత్రిక ఆమె పనిచేసే స్కూలుకు వస్తుంది, మధ్యాహ్నం తీరిక దొరికితే చదువుతుందని పిల్ల చెప్పింది. చదివితే రెండో పేజీకి రాకముందే గుర్తుపడుతుంది. మా ఆర్కెస్ట్రావాళ్ళు కూడా గుర్తుపడతారు. ఆ తర్వాత నన్ను ఎవరూ పిలవకపోవచ్చు. రాస్తుంటే భయంగానే ఉంది, దాచను. కాని పొద్దున్నుంచి ఊపిరి కొంచెం తేలిగ్గా ఆడుతోంది, అదీ దాచను.

నల్లా దగ్గర నువ్వడిగిన దానికి జవాబు ఇది. నీ గొంతు పోలేదు చెల్లె. మంచిగనే ఉండె. శ్రుతి తప్పు పెట్టింది నేను, తెలిసీ దించనిది నేను.